అరవై దగ్గర

యాభై అయిదు దాకా బండి మంచిదే.
యాభై ఎనిమిదికి మొదలవుతుంది,
సీటు కింద ఎవరో గొంతు సవరించుకున్నట్టు.
అరవైకి స్టీరింగులోకి పాకుతుంది.
అద్దంలో వెనక లారీ రెండు లారీలవుతుంది.
డాష్‌బోర్డు మీద ప్లాస్టిక్ శిలువ
పళ్ళు కొరుకుతూ ప్రార్థన చేస్తుంది.
డెబ్బై దాటితే, ఏమీ ఎరగనట్టు ఊరుకుంటుంది.
ముప్పై రెండు టిక్కీల మిరపకాయలతో
కాజా టోల్‌గేటు నుంచి వారధి దాకా
అరవైలో కాక ఇంకెంతలో పోతాను?

మొదటిసారి షోరూములో
రిమ్ము అంచుకి సీసం ముక్కలు కొట్టారు.
రెండోసారి ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకి.
వణుకు కూడా వాటితో పాటే చోటు మారి
చేతుల్లోంచి వీపులోకి వచ్చి కూర్చుంది.
మూడోసారి ఇస్త్రీ చొక్కా కుర్రాడు
పక్కన కూర్చుని ఎనికేపాడు దాకా వచ్చాడు.
ట్రాఫిక్కులో ముల్లు నలభై దాటలేదు.
"ఏం లేదు కదండీ" అన్నాడు.
కాగితం మీద రాశాడు: కంప్లయింటు కనబడలేదు.
నాలుగోసారి,
"లోడు బండండీ, ఆమాత్రం ఉంటది,
తిరగ్గా తిరగ్గా సర్దుకుంటది."

కొత్త చెప్పు కరిస్తే మా నాన్నా అదే మాట అనేవాడు.
చెప్పు సర్దుకోలేదు.
కాలే సర్దుకుంది.

నెల వాయిదా మాత్రం
అయిదో తారీకున పంతొమ్మిది వేల నాలుగొందలు,
ఒక్క కుదుపు లేకుండా జారిపోతుంది.

పాత ట్రాలీ ఆటోలో పదకొండేళ్ళు తిరిగాను.
తలుపు వణికేది, హారను వణికేది, నా దవడ వణికేది.
అన్నీ వణికేవి కాబట్టి
ఏదీ వణికినట్టు ఉండేది కాదు.
దీనిలో ఒక్కటే,
తెల్ల పంచె మీద కారం మరకలా,
ఎటు చూసినా కళ్ళు అక్కడికే పోతాయి.

యార్డులో హమాలీ బాజీ నవ్వాడు:
"నీ బండెక్కిన కాయ దిగేలోపే తొడిమ వదిలేస్తందిరా,
షావుకారుకి కూలి మిగిల్చావు."
నేనూ నవ్వాను.
ఆ రాత్రి సలోమి నా చెయ్యి పట్టుకుని
"నిద్రలో కూడా గేర్లు మారుస్తున్నావు,
ఇంజను ఆపు" అంది.

ఆటోనగర్లో నాగుల్ మీరాకి సగం చెవుడు.
ముప్పై ఏళ్ళ సుత్తి దెబ్బలు తినేసిన చెవులు.
ఈయనకి శబ్దం ఏం వినిపించను అనుకున్నాను.
ఆయన చెప్పులు విప్పి
వట్టి అరికాళ్ళు బండి నేల మీద ఆనించి
"పోనీ" అన్నాడు.
అరవైలో "న్యూట్రల్ చెయ్" అన్నాడు.
ఇంజను పాట తగ్గింది. వణుకు తగ్గలేదు.
"ఇంజను పాపం లేదు" అన్నాడు, కళ్ళు మూసుకునే.

గోనెపట్టా పరిచి కిందికి దూరాడు.
కాసేపటికి నన్నూ రమ్మన్నాడు.
పొడుగాటి షాఫ్టు మీద, టార్చి వెలుగులో,
గోరంత బాణం గుర్తు ఒకటి.
దాని ఎదురుగా ఉండాల్సిన రెండోది
ఒక్క పన్ను పక్కకి తిరిగి ఉంది.
"ఎవరో షిఫ్టు దిగే టయానికి బిగించుంటాడు.
టీ తాగొచ్చి బిగిస్తే సరిపోయేది."
తిట్టలేదు. విప్పాడు, తుడిచాడు, తిప్పాడు.
ఆరొందలు తీసుకుని,
"షోరూమోళ్ళకి చెప్పమాక, వారంటీ పోద్ది."

నాలుగుసార్లు నేను సంతకం పెట్టిన కాగితాలు
సీటు వెనక జేబులో ఉన్నాయి.
ఎక్కడా ఆ బాణం లేదు.

వారధి దాటి, తాడేపల్లి దాటి,
ఖాళీ బండి, ఖాళీ రోడ్డు.
యాభై ఎనిమిది. అరవై. అరవై రెండు.
చీకట్లో ఇంకో మెట్టుందనుకుని కాలేస్తే
నేలే తగిలినట్టు.
బిగిసిన వేళ్ళు ఎంతసేపటికీ వదులు కాలేదు.
అద్దంలో మంగళగిరి కొండ
ఒక్కటే కొండ.

డెబ్బై ఎనిమిది దగ్గర సన్నగా ఏదో ఉంది.
గాలేమో.
సలోమికి చెప్పలేదు.
అక్కడిదాకా పోవడం లేదు.